మెసేజ్ వస్తోంది, మాత్ర వస్తోందా?
గుండె జబ్బుల నివారణకు ఫోన్ సందేశాలు: సింహాచలం కొండ కింది వాడల నుంచి కొన్ని ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, ఫిర్యాదులు ఫోన్లోకి వచ్చాయి. ఆరోగ్య శాఖ కూడా అదే దారిలో ఉంది. ప్రతి మనిషి ఆరోగ్య వివరాలనూ ఒక డిజిటల్ ఖాతాలో చేర్చడం, ఆ వివరాలను బట్టి ఎవరికి ఏం చెప్పాలో నిర్ణయించడం ఈ ఆలోచన. బీపీ ఉన్నవారికి ఉప్పు తగ్గించమని, సుగర్ ఉన్నవారికి నడవమని, గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవారికి మాత్ర మరిచిపోవద్దని వారి పేరుతో, వారి భాషలో, వారి ఫోన్‌కే సందేశం వెళ్తుంది. ఖర్చు తక్కువ. ఒక్క బటన్‌తో లక్షల మందికి చేరుతుంది. ఏ ప్రభుత్వానికైనా నచ్చే పథకమే.

దళిత ఉద్యమానికి దీంతో పనేమిటని కొందరు అడగవచ్చు. చాలా పనుంది. మన వాడల్లో మనుషులు త్వరగా చనిపోతున్నారు. ఉత్తర, తూర్పు భారతాల్లోని తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువులకంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా తక్కువ, ఆదివాసీలది నాలుగేళ్లకు పైగా తక్కువ. ఆ తేడాలో సగం కూడా పేదరికంతో వివరించలేమని అదే అధ్యయనం తేల్చింది. మన రాష్ట్రం ఆ తొమ్మిదింటిలో లేదు. అయితే దేశంలో ప్రతి నాలుగు మరణాల్లో ఒకటికి పైగా గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని (2016 లెక్కల్లో 28.1 శాతం) భారత వైద్య పరిశోధన మండలి చెబుతున్నప్పుడు, వాటిని ఆపడానికి పెట్టే ఏ పథకమైనా మన వాడకు ఎలా చేరుతుందో అడగాల్సిందే.

గుండె జబ్బు ‘పెద్దింటి జబ్బు’ కాదు

గుండెపోటు కూర్చుని తినేవాళ్లకు వస్తుందని, కాయకష్టం చేసేవాళ్లకు రాదని మన పెద్దలు చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. ఈ నమ్మకాన్ని ఇరవై ఏళ్ల కిందటే తప్పని చూపించిన చోటు మన రాష్ట్రంలోనే ఉంది. గోదావరి ప్రాంతంలో 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, 2003-04లో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం వెతికారు. దాదాపు మూడో వంతు, అంటే 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. అవి పల్లెలు. అక్కడివాళ్లు పొలం పనులు చేసుకునేవాళ్లు.

ఇప్పుడు విశాఖకు రండి. సింహాచలం కొండ చుట్టూ అడవివరం, గోపాలపట్నం, వేపగుంట, వెంకటాపురం, పెందుర్తి వైపు కాలనీలు. పోర్టు, స్టీల్ ప్లాంట్, మహా విశాఖ నగరపాలక సంస్థ పారిశుధ్యం, ఇళ్లలో పని, భవన నిర్మాణం, కొండ మీది అనాస తోటల్లో కూలి: ఈ చుట్టుపక్కల బడుగు కుటుంబాలకు బతుకుతెరువు ఇలాంటి పనులే. రాత్రి షిఫ్టులు, ఎండ, బొగ్గు ధూళి, ఉద్యోగ భద్రత లేని ఆదుర్దా, వీటిలో ప్రతిదానికీ గుండెతో సంబంధం ఉంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఉంది. సన్నని ధూళి ఊపిరితిత్తులతో ఆగదు, గుండెపోటు ముప్పునూ పెంచుతుందని వైద్యశాస్త్రం ఎప్పుడో నిర్ధారించింది.

‘ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు వేరే వ్యాయామం ఎందుకు’ అన్నదీ అంత సులువైన మాట కాదు. విరామం లేకుండా, తన చేతిలో లేని వేగంతో, బరువులెత్తే పని గుండెకు తీరిక వేళ నడకంత మేలు చేయదని, కొన్నిసార్లు కీడే చేస్తుందని పరిశోధకులు చెబుతున్నారు. తెల్లవారుజామున చీపురు పట్టి మధ్యాహ్నం దాకా రోడ్లు ఊడ్చిన మనిషికి ‘రోజూ అరగంట నడవండి’ అని సందేశం పంపితే, ఆ మాట వెక్కిరింతలా వినిపిస్తుంది. ఆమెకు కావాల్సింది మధ్యలో కాస్త విశ్రాంతి, తాగే నీళ్లు, వారానికో సెలవు. వాటిని ఇవ్వాల్సింది ఆమె కాదు. అందుకే అవి ఆ సందేశంలో ఉండవు.

సందేశాలు పనిచేస్తాయా?

ఈ పద్ధతిని మొత్తంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆధారాలున్నాయి.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గుండె జబ్బున్న 710 మందిపై జరిగిన ‘టెక్స్ట్ మీ’ అధ్యయనం 2015లో వెలువడింది. సగం మందికి ఆరు నెలల పాటు వారానికి నాలుగు సందేశాలు పంపారు. పొగతాగే అలవాటు వంటి వివరాలను బట్టి ఎవరికి ఏ సందేశం వెళ్లాలో ముందే నిర్ణయించారు. సందేశాలు అందుకున్నవారిలో పై బీపీ సగటున 7 పాయింట్లకు పైగా తక్కువగా ఉంది. పొగతాగేవారు ఒక గుంపులో 26 శాతం, సందేశాలు అందని గుంపులో 43 శాతం.

మన దగ్గర కూడా ఉంది. ఆగ్నేయ భారతంలోని పరిశ్రమల్లో పనిచేస్తున్న, సుగర్ వచ్చే ముప్పున్న 537 మంది మగవాళ్లపై చెన్నై పరిశోధకులు చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండేళ్లలో, మామూలు సలహా మాత్రమే అందినవారిలో 27 శాతం మందికి సుగర్ వస్తే, సందేశాలు అందినవారిలో 18 శాతం మందికే వచ్చింది. సుగర్ గుండె జబ్బుకు దగ్గరి దారి కాబట్టి ఇది చిన్న ఫలితం కాదు.

అయితే ఆ 537 మంది ఎవరో మళ్లీ చదవండి. మగవాళ్లు, పరిశ్రమల్లో పని ఉన్నవాళ్లు, సొంత ఫోన్ ఉన్నవాళ్లు, వచ్చిన సందేశం చదవగలిగినవాళ్లు.

ఇదే దేశంలో జరిగిన మరో పెద్ద ప్రయత్నం ఫలితం వేరుగా ఉంది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న 4,298 మందితో, 31 ఆస్పత్రుల్లో, 12 భాషల్లో ‘స్ప్రింట్ ఇండియా’ అధ్యయనం చేశారు. ఎస్ఎంఎస్‌లు, వీడియోలు, ఒక పుస్తకం ఇచ్చారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. మాత్రలు వేసుకోవడం, మందు, పొగాకు మానడం వంటి అలవాట్లు మెరుగయ్యాయి. కానీ మళ్లీ పక్షవాతం, గుండెపోటు, మరణం మాత్రం తగ్గలేదు. ఏడాదిలో సందేశాలు అందుకున్నవారిలో 5.5 శాతం మందికి, అందనివారిలో 4.9 శాతం మందికి ఇలాంటి ముప్పు ఎదురైంది. ఆ స్వల్ప తేడాకు గణాంకపరంగా విలువ లేదు. ఉపయోగం తేలే అవకాశం లేదని అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు. పెద్ద కేంద్రాల్లో చికిత్స తీసుకున్న రోగులకు మామూలుగానే మంచి వైద్యం అందడం వల్ల తేడా కనిపించలేదని వాదించవచ్చు. ఆ వాదన నిజమైతే అది మనకు ఇంకో పాఠం చెబుతుంది: వైద్యం బాగా అందిన చోట సందేశం అదనంగా చేసేది తక్కువ.

వైద్యం అందని చోట ఏమవుతుంది? దానికి జవాబు పశ్చిమ గోదావరిలో దొరుకుతుంది. ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’ పేరుతో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా వర్కర్ల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, గుండెపోటు ముప్పు లెక్కగట్టి, ముప్పున్నవాళ్లను డాక్టర్ దగ్గరకు పంపారు. 2019లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ముప్పున్నవారిలో బీపీ అదుపులోకి వచ్చినవారు ఈ ఏర్పాటు ఉన్నప్పుడు సుమారు 41 శాతం, లేనప్పుడు 39 శాతం. తేడా లేదనే అర్థం. ఆశా వర్కర్ తన పని చేసింది. యంత్రం తన పని చేసింది. కానీ జబ్బు కనిపెట్టడం నుంచి బీపీ తగ్గడం దాకా ఉన్న దారిలో డాక్టర్ ఉండాలి, మాత్ర రాయాలి, ఆ మాత్ర ప్రతి నెలా దొరకాలి. ఆ దారిలో ఏ మెట్టు లేకపోయినా ట్యాబ్లెట్ దాన్ని పూడ్చలేదు, ఫోనూ పూడ్చలేదు.

మనిషి తోడుగా ఉన్న చోట ఫలితం మెరుగ్గా కనిపించింది. గుండెపోటు తర్వాత ఇంటికి వెళ్లిన 806 మందిపై 14 భారతీయ ఆస్పత్రుల్లో చేసిన ‘స్ప్రెడ్’ అధ్యయనంలో (2016) సామాజిక ఆరోగ్య కార్యకర్తలు రోగులను కలిసి మాట్లాడారు, మాత్రలు గుర్తుచేశారు. ఏడాది తర్వాత మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నవారు 97 శాతం, కార్యకర్తల తోడు లేనివారిలో 92 శాతం. పొగ మానడంలోనూ తేడా స్పష్టంగా వచ్చింది.

వందలో ముప్పై ఎనిమిది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) దేశంలో సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు 54 శాతమని చెప్పింది. వాళ్లలో ఎస్ఎంఎస్ చదవగలిగినవారు 71 శాతం. రెండూ కలిపి లెక్క వేయండి. వంద మంది ఆడవాళ్లలో తన ఫోన్‌కు వచ్చిన సందేశాన్ని తానే చదువుకోగలిగేది 38 మంది. పైగా ఆ సర్వే 15 నుంచి 49 ఏళ్ల వాళ్లనే అడిగింది. గుండె జబ్బు ఎక్కువగా పట్టుకునేది ఆ తర్వాతి వయసులో. అరవై ఏళ్ల దళిత స్త్రీని లెక్కలోకి తీసుకుంటే ఆ 38 ఇంకా కిందికి వెళ్తుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీ స్త్రీల అక్షరాస్యత 56.5 శాతం మాత్రమే.

ఆమె సందేశం ఎవరు చదువుతారు? కొడుకో, కోడలో, మనవడో. అంటే ఆమె జబ్బు సంగతి ఆమెకంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. ఒక్కోసారి అది మంచిదే. ఇంకోసారి ‘ముసలిదానికి మళ్లీ ఆస్పత్రి ఖర్చు’ అన్న లెక్కలో పడుతుంది.

చదవడం ఒక ఇబ్బందైతే, రాసిన భాష మరో ఇబ్బంది. టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల ప్రకారం సంస్థలు పెద్దఎత్తున పంపే ఎస్ఎంఎస్‌ల నమూనా వాక్యాలను ముందే నమోదు చేయాలి. ఖాళీల్లో పేరు, తేదీ లాంటివి మారతాయి. మోసాలను ఆపడానికి ఇది అవసరమే. కానీ దీనివల్ల ‘వ్యక్తిగత సందేశం’ అంటే చాలాసార్లు పేరు మార్చి పంపిన ఒకే వాక్యంగా మిగులుతుంది. ఆ వాక్యం రాసేది ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లు. ‘ప్రియమైన లబ్ధిదారుడా, సోడియం వినియోగాన్ని నియంత్రించి సమతుల ఆహారం స్వీకరించండి’ లాంటి తెలుగు అక్కడే పుడుతుంది.

ఇదే సంగతిని ఉత్తరాంధ్ర వాడలో ఎలా చెప్పాలి? గొంతుతో, ఇలా చెప్పవచ్చు: ‘అమ్మా, ఎండు చేప వండే ముందు వేడి నీళ్లలో నానబెట్టి రెండుసార్లు కడగండి. ఉప్పు చాలా వరకు పోతుంది. కూరలో మళ్లీ ఉప్పు వేయకండి.’ లేదా: ‘చోడి అంబలి తాగుతున్నారా? మంచిది. పక్కన ఊరగాయ బదులు ఉల్లిపాయ పెట్టుకోండి.’ ఎండు నెత్తళ్లు, గంజి, పచ్చడి మెతుకులు తినే ఇంటికి బాదం పప్పులు, ఆలివ్ నూనె గురించి చెప్పే సందేశం ఎవరి వంటింటిని చూసి రాశారో తెలిసిపోతుంది. మాంసాహారాన్నే జబ్బుగా చూపే సందేశమైతే అందులో వైద్యం కంటే కులం ఎక్కువ. ఎంత తినాలి, ఎలా వండాలి, ఏ నూనెను మళ్లీ మళ్లీ కాచకూడదు అన్నది వైద్య సలహా. నీ తిండే మురికిదని సూచించడం వైద్య సలహా కాదు.

పొగాకు సంగతీ అంతే. ‘సిగరెట్ మానండి’ అనే సందేశం ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే పెద్దవయసు ఆడవాళ్లను తాకనే తాకదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటుపై యాభై ఏళ్లకు పైగా వైద్యులు రాస్తూనే ఉన్నారు. ఆమె సిగరెట్ తాగదు. అందుకని ఆ మాట తనకు కాదనుకుంటుంది.

మర్యాద కూడా చిన్న విషయం కాదు. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ‘ఏయ్, నువ్వు’ అని పిలిపించుకున్న మనుషులకు ‘అప్పలమ్మ గారూ, మీ మాత్రలు ఎల్లుండికి అయిపోతాయి’ అన్న మాట వినబడితే అది చికిత్సలో భాగమే. రాష్ట్రం మనల్ని లబ్ధిదారులని పిలవడం మానేసి పేరుతో, ‘గారు’తో పిలవాలని అడగడంలో తప్పేమీ లేదు.

ఎవరికి సందేశం, ఎవరికి బాధ్యత?

సందేశం అందకపోతే ఏమవుతుందో సింహాచలం కొండ కింద ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ప్లాంటులో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా అది మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ప్రాణాలు కాపాడగలిగిన ఒకే ఒక్క సందేశం, పంపాల్సిన కంపెనీ నుంచి రాలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. నడవండి, ఉప్పు తగ్గించండి, పొగ మానండి అని పేదవాడి బాధ్యతను గుర్తుచేసే సందేశాలకు కొదవ ఉండదు. ఈ రోజు గాలిలో ధూళి ఎంత, ఏ కంపెనీ ఎంత వదిలింది, మీ ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయి, డాక్టర్ ఏ రోజు వస్తారు అని యజమాని, ప్రభుత్వం బాధ్యతను చెప్పే సందేశాలు మాత్రం రావు. సాంకేతికత రెండింటికీ ఒకటే. ఏ సందేశం పంపాలన్నది రాజకీయ నిర్ణయం.

దేశంలో మురుగు, సెప్టిక్ ట్యాంక్ పనిచేసేవారిలో కేంద్ర ప్రభుత్వం ‘నమస్తే’ పథకం కింద నమోదు చేసిన సుమారు 38,000 మందిలో 68.9 శాతం ఎస్సీలేనని 2024లో వెల్లడైంది. ఇలాంటి పనుల్లో గుండె జబ్బును ‘అలవాట్ల’ జబ్బుగా మాత్రమే చెబితే, ఆ పనిని కులానికి అప్పగించిన వ్యవస్థ పక్కకు తప్పుకుంటుంది. మనిషి చనిపోతే ‘మెసేజులు పంపాం, వినలేదు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అలవాట్లు ముఖ్యం కాదని దీని అర్థం కాదు. పొగాకు మానడం, బీపీ మాత్ర రోజూ వేసుకోవడం మన ప్రాణాలను కాపాడతాయి. వాడలో ఈ మాట చెప్పడానికి మనం ఎవరికీ మొహమాటపడక్కర్లేదు.

ఇంకో ప్రమాదం సమాచారానిది. వ్యక్తిగత సందేశం పంపాలంటే మనిషి జబ్బు, అలవాట్లు, ఫోన్ నంబర్, ఊరు ఒకచోట ఉండాలి. ప్రైవేటీకరణ భయం నీడలో, 2025లో కాంట్రాక్ట్ కార్మికుల తొలగింపులపై ఆందోళనలు జరిగిన ఉక్కు నగరంలో, గుండె జబ్బుందన్న సమాచారం కాంట్రాక్టర్ చేతికి వెళ్తే అది ఎవరిని ముందు తీసేయాలో చెప్పే జాబితా అవుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి తీసుకోవాలంటుంది. కానీ సచివాలయంలో పింఛను పనితో పాటు వేయించుకున్న వేలిముద్రను సమ్మతి అనలేం.

ఏం అడగాలి?

అడగడానికి చట్టపరమైన పునాది ఉంది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని, ఉద్యోగం మానేసిన తర్వాత కూడా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లను కార్మిక సంఘాలు ఎన్నో కారణాలతో వ్యతిరేకిస్తున్నాయి. అయినా 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయిస్తామని కేంద్రం వాటి పేరుతోనే చెప్పింది. అది పోర్టులో, ప్లాంటులో, పారిశుధ్యంలో ఉన్న ఔట్‌సోర్సింగ్ కార్మికుడికి అందుతోందా అని లెక్క అడగవచ్చు.

ఒకటి: అక్షరాలకంటే గొంతు ముందు. చదవడం రాని వారికి ఫోన్ కాల్, మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి వచ్చే రికార్డు. ఉత్తరాంధ్ర యాసలో, ఆ వాడ ఆడవాళ్లు విని సరిచేసిన మాటలతో.

రెండు: గుర్తుచేసే సందేశంతో పాటే మాత్ర. ‘మాత్ర వేసుకోండి’ అని పంపే ముందు ఆ ఆరోగ్య కేంద్రంలో నెల రోజుల నిల్వ ఉందో లేదో ఆ వ్యవస్థే చూడాలి. లేకపోతే రోగికి బదులు అధికారికి సందేశం వెళ్లాలి.

మూడు: ఆపద సందేశం. ఛాతీలో బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆడవాళ్లలో ఒక్కోసారి ఆయాసం, వాంతి మాత్రమే. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని, మొదటి గంటల్లో ఆస్పత్రికి చేరితే గుండె కండరం దక్కుతుందని ప్రతి ఇంటికీ తెలియాలి.

నాలుగు: ఆశా వర్కర్‌కు పని పెరిగితే జీతం పెరగాలి. రాష్ట్రంలో ఆమె పారితోషికాన్ని 2019లో రూ.10,000 చేశారు. ఆ తర్వాత ఆమె ఫోన్లో యాప్‌లు ఎన్ని చేరాయో ఆమెనే అడగండి.

ఐదు: ఫలితాలను కులం, లింగం, వృత్తి వారీగా, మనుషుల పేర్లు బయటపడకుండా ప్రకటించాలి. నేను చదివిన అధ్యయనాల ప్రధాన ఫలితాల్లో కులం ఒక ప్రశ్నగానే లేదు. సగటు మెరుగైందంటే మన వాడలో మెరుగైందని కాదు.

ఆరు: ఆరోగ్య సమాచారం యజమానికి, కాంట్రాక్టర్‌కు, బీమా కంపెనీకి ఇవ్వకూడదు. పింఛనుకు, రేషన్‌కు దాన్ని ముడిపెట్టకూడదు. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం గడువును 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులను అందరికీ పంపే ఎస్ఎంఎస్‌ల ఖాతాలో రాసి ఖర్చు చూపిస్తే ఊరుకోకూడదు.

వీటిలో కొన్నింటికి ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు పదిమంది ఒక ఆదివారం అడవివరం, గోపాలపట్నం కాలనీల్లో తిరిగి నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? మాత్ర రాసి ఇచ్చారా? పోయిన నెల అది దొరికిందా? ఫోన్లో ఆరోగ్యం గురించి ఏమైనా వస్తే ఎవరు చదివి చెబుతారు? పేర్లు రాసుకోవద్దు. వీధి, వయసు, పని చాలు. అదే వారం ఆ పరిధిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో గత ఆరు నెలల బీపీ, సుగర్ మాత్రల నిల్వ వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్తే, మన వాడకు మెసేజ్ ఎక్కడిదాకా వచ్చిందో, మాత్ర ఎక్కడ ఆగిందో అక్కడే మాట్లాడవచ్చు.